రిపోర్టర్ నుంచి గూఢచారి నవలా రచయిత దాకా: ఫోర్సైత్ దారి పట్టాలనుకునేవాళ్లకి

రాజీనామా లెటర్ ఇప్పుడే రాయకండి. ముందు ఇది చదవండి.

క్రైమ్ బీట్‌లోనో డిఫెన్స్ బీట్‌లోనో నాలుగైదేళ్లు తిరిగిన రిపోర్టర్లలో చాలామంది బుర్రలో ఒక నవల తిరుగుతూ ఉంటుంది. డెస్క్‌వాళ్లు కోసేసిన పేరాలు, సోర్స్ చెప్పి "నా పేరు రాకూడదు సార్" అన్న సంగతులు, లాయరు వద్దన్న అనుమానాలు, అన్నీ అందులో వాడేసుకోవచ్చని ఆశ. వాడుకోవచ్చు కూడా. ఎలా వాడుకోవాలో చూడాలంటే నా లెక్కలో ఫ్రెడరిక్ ఫోర్సైత్ కెరీర్‌ని మించిన పాఠం లేదు. 1938లో ఇంగ్లండ్‌లోని ఆష్‌ఫర్డ్‌లో పుట్టాడు. నేషనల్ సర్వీస్ (కుర్రాళ్లకి తప్పనిసరి సైనిక సేవ) కింద వైమానిక దళంలో చేరి, పంతొమ్మిదేళ్లకే వాంపైర్ జెట్ నడిపాడు. తర్వాత నార్ఫోక్‌లో ఒక ప్రాంతీయ పేపర్లో చేరి, అక్కణ్ణుంచి రాయిటర్స్‌కి, బీబీసీకి వెళ్లి, ఆఫ్రికాలో ఒక అంతర్యుద్ధం మధ్యలో పడి, చివరికి చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో నవల రాశాడు. 2025 జూన్‌లో 86 ఏళ్ల వయసులో పోయాడు.

నిజం చెప్పాలంటే ఆయన వాక్యం గొప్పదేం కాదు. ఆడపాత్రలైతే మరీ అట్టబొమ్మలు. ఆయన బలమల్లా ఒక్కటే. ఏ పనైనా ఎలా జరుగుతుందో, ఏ గుమ్మం దగ్గర ఎవరు ఆపుతారో, ఏ కాగితం మీద ఎవరి సంతకం పడాలో కనుక్కుని రాయడం. అంటే రిపోర్టింగే. మీకు ఇప్పటికే వచ్చిన పని అది. కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది మీరు అనుకున్నంత లేదు, వదులుకోవాల్సింది మాత్రం కొంత ఉంది.

వార్త అయిపోయాక మిగిలిన ప్రశ్న

1962లో రాయిటర్స్ ఆయన్ని పారిస్‌కి పంపింది. కారణం ఆయనకి ఫ్రెంచ్ ధారాళంగా రావడం. చిన్నప్పుడు తండ్రి సెలవులకి ఫ్రాన్స్‌లో, జర్మనీలో కుటుంబాల దగ్గర ఉంచేవాడు, భాషలు అలా అబ్బాయి. అప్పుడు పారిస్‌లో పెద్ద బీట్ ఒకటే, అధ్యక్షుడు డిగాల్‌ని ఎప్పుడు చంపేస్తారా అని ఆయన వెంట తిరగడం. అల్జీరియాకి స్వాతంత్ర్యం ఇచ్చాడన్న కోపంతో ఓఏఎస్ అనే రహస్య సంస్థ ఆయన మీద పగబట్టింది. ఆ ఏడాది ఆగస్టు 22న పారిస్ శివార్లలోని పెతీ క్లామార్ దగ్గర కారు మీద తూటాల వర్షం కురిపించారు. టైర్లు పేలిపోయాయి, వెనక అద్దం పగిలింది. డిగాల్ దంపతులకి మాత్రం గీత కూడా పడలేదు.

వార్తలు రాసినవాళ్లు చాలామంది. ఫోర్సైత్ అక్కడ ఇంకో సంగతి గమనించాడు. ఓఏఎస్‌లో ఎవరెవరున్నారో పోలీసులకి తెలుసు, ప్రతివాడికీ ఫైలు ఉంది, సంస్థ లోపల ఇన్‌ఫార్మర్లు ఉన్నారు. వీళ్ల వల్ల కాదు. మరి ఏ ఫైల్లోనూ లేని మనిషిని, బయటి దేశంవాణ్ణి, డబ్బిచ్చి పిలిపిస్తే? ఈ ప్రశ్న వార్తలో పట్టదు. ఏ ఎడిటరూ వేయడు. అదే 'ద డే ఆఫ్ ద జాకాల్' నవల అయింది.

మీరు చేయాల్సిన మొదటి పని ఇదే. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఆఫీసుది కాదు, మీ సొంతది. ఫైల్ చేసిన ప్రతి పెద్ద స్టోరీ తర్వాత, అందులో జవాబు దొరకని ప్రశ్న ఒక్కటి రాసుకోండి. "దొరికిపోయిన ముగ్గురికీ ఆ ఫోన్ నంబర్ ఎవరిచ్చారు?" లాంటివి. స్టోరీ మొత్తం రాయొద్దు, అది లైబ్రరీలో ఉంటుంది. ప్రశ్న మాత్రమే. రెండేళ్ల తర్వాత తిరగేస్తే వాటిలో చాలా భాగం చప్పగా ఉంటాయి, ఒకటో రెండో మాత్రం ఇంకా గుచ్చుతుంటాయి. ఆ ఒకటో రెండో చాలు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. సైన్యం గురించి రాయాలంటే హిందీ తప్పదు, అది సరిపోదు కూడా. హైదరాబాద్‌లో పెరిగి ఉర్దూ చదవడం వచ్చిన రిపోర్టర్ లాహోర్, కరాచీ పేపర్లు అనువాదం లేకుండా చదువుకోగలడు. ఢిల్లీలో ఇంగ్లీషు మీదే బతికే చాలామంది డిఫెన్స్ కరస్పాండెంట్లకి ఆ వీలు లేదు. ఉన్న ఆస్తిని వాడుకోండి.

పనిని మెట్లుగా విడగొట్టడం

జాకాల్ నవలలో హంతకుడు దొంగ పాస్‌పోర్టు సంపాదించే ఘట్టం తెలియనివాళ్లు తక్కువ. పసితనంలోనే చనిపోయిన ఒక పిల్లాడి పేరు శ్మశానంలో సమాధి మీద చూస్తాడు, ఆ పేరుతో బర్త్ సర్టిఫికెట్ తీస్తాడు, దాంతో పాస్‌పోర్టుకి అప్లై చేస్తాడు. బ్రిటన్‌లో జనన రికార్డుని మరణ రికార్డుతో ఎవరూ సరిపోల్చడం లేదు గనక అది సాధ్యం. కల్పన కాదు, ఆ లొసుగు నిజంగా ఉంది, పుస్తకం వచ్చాక దశాబ్దాల పాటు కూడా అలాగే ఉంది. పాఠకుడికి ఒళ్లు జలదరించింది హత్య చూసి కాదు, కౌంటర్‌లో గుమస్తా మర్యాదగా స్టాంపు వేయడం చూసి.

దీన్ని ఎలా సాధించాలి? కథలో ఒక కీలకమైన పని తీసుకోండి. ఉదాహరణకి ఒక కంటెయినర్ విశాఖ పోర్టు గేటు దాటి బయటికి రావాలి. ఎ-ఫోర్ కాగితం మీద వరసగా రాయండి. ఓడ దిగాక ఎక్కడ పెడతారు, బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం) ఎవరు వేస్తారు, కస్టమ్స్ ఏజెంట్ దగ్గర పనిచేసే కుర్రాడు రోజుకి ఎన్నిసార్లు ఆఫీసుకి తిరుగుతాడు, సీల్ నంబర్ ఎవరు చూస్తారు, నిజంగా చూస్తారా, నంబర్ చదివి కాగితంతో పోలుస్తారా లేక టిక్ పెట్టేస్తారా, వే బ్రిడ్జి దగ్గర బరువు తేడా వస్తే ఎవరికి ఫోన్ వెళ్తుంది, లంచ్ టైమ్‌లో గేటు దగ్గర ఎవరుంటారు. ఒక్కో మెట్టు పక్కన "ఇక్కడ ఏం తప్పొచ్చు" అని రాయండి. తప్పే అవకాశం ఉన్న ప్రతి చోటా మీకు ఒక సీన్ దొరుకుతుంది. తప్పే అవకాశం లేని మెట్లు ఒక్క వాక్యంలో దాటేయండి. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, తెలుసుకున్నదంతా గుమ్మరిస్తారు, తుపాకీ పొడవు, బరువు, తయారైన ఊరు, వికీపీడియా మొత్తం. సంపాదించిన సమాచారంలో పదోవంతు పేజీ మీద కనిపిస్తే చాలు, మిగతాది మీ ధీమాలో కనిపిస్తుంది. అలాగే నిజంగా ఎవరైనా చేసి చూసే ప్రమాదం ఉన్న పనైతే ఒక మెట్టు కావాలనే తీసేయండి, పాఠకుడికి తెలియదు, నష్టమూ లేదు.

చూసినదాన్ని నమ్మేముందు రెండోసారి అడగడం కూడా ఈ పనిలో భాగమే. 1964లో ఫోర్సైత్ రాయిటర్స్ తరఫున తూర్పు బెర్లిన్‌లో ఉన్నాడు. ఒకరోజు అర్ధరాత్రి దాటాక కారులో ఇంటికి వస్తుంటే, సోవియట్ ట్యాంకులు, ఫిరంగులు, సైనికులు నిండిన లారీలు వరసపెట్టి పశ్చిమ బెర్లిన్ వైపు కదులుతూ కనిపించాయి. ఆఫీసుకి పరుగెత్తి చూసింది చూసినట్టు పంపాడు. రాజధానుల్లో మంత్రుల్ని నిద్ర లేపారు. తెల్లారేసరికి తేలిందేమిటంటే, అది మేడే పరేడ్‌కి రిహార్సల్. ఆయన రాసిన ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు, అర్థం మాత్రం వేరు. వార్తగా అది తలనొప్పి. నవలా రచయితకి మాత్రం బంగారం. నిజమైన వివరాలన్నీ పేర్చి తప్పు అర్థం వైపు నడిపించడమే కదా గూఢచారి కథ అంటే.

ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి

ఫోర్సైత్ లైబ్రరీలో కూర్చుని పని కానిచ్చే రకం కాదు. తెలిసినవాణ్ణి పట్టుకుని ఎదురుగా కూర్చుని అడగడమే ఆయన పద్ధతి. రెండో నవల 'ద ఒడెస్సా ఫైల్' కోసం వియన్నా వెళ్లి, నాజీల్ని వేటాడిన సైమన్ వీజెంతాల్‌ని కలిశాడు. విలన్‌ని కల్పించడం ఎందుకు, నిజమైనవాణ్ణే పెట్టమని సలహా వచ్చింది. అలా రీగాలో యూదుల్ని నిర్బంధించిన గెట్టోకి అధిపతిగా ఉన్న ఎడువర్డ్ రోష్మన్ అసలు పేరుతోనే నవలలోకి వచ్చాడు. పుస్తకం 1972లో, సినిమా 1974లో. అర్జెంటీనాలో దాక్కున్న అసలు రోష్మన్ అక్కణ్ణుంచి పారిపోయి 1977లో పరాగ్వేలో చచ్చాడు. నవల అతని మీద వెలుతురు పడేలా చేసిందన్నది నిజం. అయితే ఇది యుద్ధ నేరస్థుడి విషయం, దశాబ్దాల సాక్ష్యం ఉన్న విషయం. మీ జిల్లాలో ఒక అధికారి మీద మీకున్న అనుమానానికి ఇదే సూత్రం పెట్టకండి, పరువునష్టం కేసు వచ్చిపడుతుంది. పేరు మార్చడం ఒక్కటే చాలదు, ఊరు, హోదా, కాలం మూడూ మార్చండి.

మూడో నవల కోసం హాంబర్గ్‌లో ఆయుధాల దళారుల మధ్యకి దక్షిణాఫ్రికా వ్యాపారిగా వేషం వేసుకుని వెళ్లాడు. అప్పటికే జాకాల్ జర్మన్‌లో వచ్చి ఉంది. ఒక దళారి కారు పుస్తకాల షాపు ముందు ఆగినప్పుడు, అద్దం వెనక పుస్తకం అట్ట మీద తన "వ్యాపారి" ఫొటో అతనికి కనిపించింది. హెచ్చరిక అందడంతో హోటల్ నుంచి ఉన్నపళంగా పరుగెత్తి, కదులుతున్న రైల్లోకి దూకేశానని ఆయనే చెప్పుకున్నాడు. వినడానికి బాగుంటుంది. మీరు మాత్రం చేయకండి. వేషం వేసి సంపాదించిన సమాచారం కంటే "నవల రాస్తున్నానండీ, తప్పులుంటే నవ్వుతారు, కాస్త చెప్పండి" అని అడిగితే వచ్చేదే ఎక్కువ. ప్రెస్ అనగానే నోరు మూసుకునేవాళ్లు కూడా నవల అంటే తెరుస్తారు, ఇది ప్రతి రిపోర్టరూ ఒకసారి పరీక్షించి చూడాల్సిన సంగతి.

మనకి సోర్సులు కొదవ లేదు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం ఉంది, ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్లిన ఊరు. ప్రకాశం జిల్లాలో, శ్రీకాకుళంలో మాజీ సైనికులు లేని మండలం కనపడదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక గంట కూర్చుంటే చాలు, పెన్షన్ పనిమీద వచ్చిన సుబేదార్లు, హవల్దార్లు పరిచయమవుతారు. కల్నల్స్ దగ్గరికి అందరూ వెళ్తారు, మీరు సుబేదార్ దగ్గరికి వెళ్లండి. ఆపరేషన్ గురించి అడగొద్దు. చెప్పలేడు, చెప్పకూడదు కూడా. ఇవి అడగండి: పోస్ట్ మీద రాత్రి టీ ఎన్నింటికి వచ్చేది, సాక్సులు ఎక్కడ ఆరబెట్టేవాళ్లు, ఇంటి నుంచి ఉత్తరం వస్తే ముందు ఎవరు చదివేవాళ్లు, ఆఫీసర్ అబద్ధం చెప్తున్నాడని జవాన్లకి ఎలా తెలిసేది. పదినిమిషాల్లో ఇచ్చిన టీ చల్లారిపోతుంది, ఆయన మాత్రం ఆగడు.

వస్తువుల్ని కళ్లతో చూడండి. జలాంతర్గామి సీన్ రాయాలనుకుంటే విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా ఉంది, 1969 నుంచి 2001 దాకా నేవీలో చేసి మ్యూజియం అయింది. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి ముందు కాలు పెట్టి, తర్వాత తల వంచి దూరాలి. గైడ్ చెప్పేది వినడం అయ్యాక, జనం వెళ్లిపోయేదాకా ఒక మూల ఆగి, అలారం మోగితే డెబ్భై మందికి పైగా మనుషులు ఆ కంతల్లోంచి ఎలా పరుగెత్తుంటారో ఊహించుకోండి. ఎన్ని పుస్తకాలు చదివినా మోచేతికి పైపు తగిలిన నొప్పి తెలియదు.

కాగితాలు, చట్టం

ఇక్కడ కొంచెం జాగ్రత్త. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లో ఉంది. నిషిద్ధ ప్రదేశం ఫొటో, స్కెచ్, మ్యాప్ దగ్గర నుంచి రహస్య పత్రం దగ్గర ఉంచుకోవడం దాకా అన్నీ దాని కిందికి వస్తాయి. రక్షణ సంబంధమైన గూఢచర్యానికి 14 ఏళ్ల వరకు శిక్ష. "నవల కదా" అన్న వాదన అక్కడ నిలవదు. ఎవరైనా మాజీ అధికారి ఉత్సాహంగా కాగితం చేతిలో పెడితే తీసుకోకండి, మాట చాలు అనండి. 2021లో పెన్షన్ నిబంధనలు కూడా మార్చారు. నిఘా, భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్లు తమ సంస్థ పనికి సంబంధించి ఏదైనా ప్రచురించాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. మీకు సాయం చేసే పెద్దమనిషి పెన్షన్ పోగొట్టకండి. ఆయన పేరు కృతజ్ఞతల పేజీలో వేయాలని మీకు ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

చట్టబద్ధంగా దొరికేది మాత్రం బోలెడు. ఐబీ, రా లాంటి సంస్థలు సమాచార హక్కు చట్టం పరిధిలో చాలావరకు లేవు గానీ, రక్షణ శాఖ, పోర్టులు, రైల్వేలు, కస్టమ్స్ ఉన్నాయి. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో పాత ఫైళ్లు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. పార్లమెంటు ప్రశ్నలు, కాగ్ రిపోర్టులు చదవండి. కాగ్ డిఫెన్స్ రిపోర్టులో ఒక పేరా, ఏ విడిభాగం ఎన్నేళ్లు ఆలస్యమైందో చెప్పే పేరా, సగం నవలకి సరిపోతుంది. ఎవరూ చదవరు, అదే మీ అదృష్టం.

కల్పన మీ వల్ల కాదనిపిస్తే నిజ కథలే రాయొచ్చు. లండన్ టైమ్స్ పత్రికకి రాసే బెన్ మాకింటైర్ ఆ పని చేశాడు. బ్రిటన్ నిఘా సంస్థ ఎంఐ5 యుద్ధకాలం నాటి ఫైళ్లు బయటపెట్టాక, వాటిలోంచి డబుల్ ఏజెంట్ ఎడ్డీ చాప్‌మన్ కథ తీసి 2007లో పుస్తకం వేశాడు. మనకి అలాంటి ముడిసరుకు కావాలంటే విశాఖ తీరంలోనే ఉంది. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. మన నేవీ ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జీలతో (నీటి అడుగున పేలే బాంబులతో) ముంచిందంటుంది, పాకిస్తాన్ లోపల పేలుడో మైనో అంటుంది. ప్రాక్టీసుకి ఒకే సంఘటనని రెండు వైపుల నుంచీ చెరో నాలుగు పేజీలు రాసి చూడండి, ఎవరి వైపు రాస్తున్నప్పుడు మీ చేయి వణికిందో తెలుస్తుంది.

గీత ఎక్కడ గీయాలి

ఫోర్సైత్ కెరీర్‌లో నాకు మింగుడుపడని భాగం ఇది. 1967లో నైజీరియా నుంచి బియాఫ్రా విడిపోయినప్పుడు బీబీసీ ఆయన్ని పంపింది. బ్రిటిష్ ప్రభుత్వం నైజీరియా పక్షం, తమ సంస్థ కూడా ఆ పాటే పాడుతోందని ఆయనకి ఒళ్లు మండింది. 1968లో బయటికి వచ్చేసి, ఫ్రీలాన్సర్‌గా మళ్లీ అక్కడికే వెళ్లాడు. ఆకలితో చచ్చిపోతున్న పిల్లల్ని కళ్లారా చూశాడు, ప్రపంచానికి చెప్పాడు. 1969లో ఆ యుద్ధం మీద రాసిన పుస్తకమే ఆయన మొదటి పుస్తకం, నవల కాదు. ఇంతవరకు సెల్యూట్ కొట్టాల్సిందే. కానీ 2015లో ఆత్మకథలో, ఆ రోజుల్లోనే తాను బ్రిటన్ విదేశీ నిఘా సంస్థ ఎంఐ6కి సమాచారం చేరవేశానని ఒప్పుకున్నాడు. డబ్బు తీసుకోలేదన్నాడు. తీసుకున్నాడా లేదా అన్నది కాదు విషయం. సోవియట్‌లకి పనిచేసిన బ్రిటిష్ గూఢచారి కిమ్ ఫిల్బీ 1963లో మాస్కోకి పారిపోయేదాకా బేరూత్‌లో పత్రికా విలేకరిగానే తిరిగాడు. ఇలాంటివాళ్ల పుణ్యమా అని ఈరోజుకీ ఏ సరిహద్దులోనైనా కెమెరా పట్టుకున్న రిపోర్టర్‌ని ముందు గూఢచారి అనే అనుమానిస్తారు. నవలకి అనుభవం కావాలని ఏ ఏజెన్సీకీ ఊడిగం చేయకండి. పిలిచి టీ ఇస్తే తాగండి, రిపోర్ట్ మాత్రం ఇవ్వకండి.

రాయడం, అమ్మడం

1970 జనవరిలో బియాఫ్రా ఓడిపోయింది. లండన్‌లో ఫోర్సైత్‌కి ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, మిత్రుల ఇంట్లో తలదాచుకున్నాడు. పాత పోర్టబుల్ టైప్‌రైటర్ ముందు కూర్చుని 35 రోజుల్లో నవల పూర్తిచేశాడు. ఈ అంకె చూసి మోసపోకండి. సరుకు 1962 నుంచి బుర్రలో ఉంది. మీరూ అంతే, రీసెర్చి మొత్తం అయ్యాక, సీన్ల వరస కాగితం మీద ఉన్నాక, ఆఫీసులో ఈఎల్స్ కూడబెట్టుకుని ఒకేసారి కూర్చోండి. రోజూ డెడ్‌లైన్‌కి కాపీ ఇచ్చినవాళ్లకి మూడ్ రావడం, రాకపోవడం అన్న సమస్య ఉండదు, అది మనకున్న వరం. మనకున్న శాపం డైలాగు. రిపోర్టర్ల పాత్రలు ప్రెస్ నోట్‌లా మాట్లాడతాయి. ప్రతి సంభాషణా పైకి చదివి, "ఆయన తెలిపారు" అని చేర్చినా అతికేలా ఉంటే కొట్టేయండి.

రాతప్రతి నాలుగు చోట్ల తిరిగింది, ఎవరూ వేయలేదు. డిగాల్ బతికే ఉన్నాడు కదా, హత్య జరగలేదని అందరికీ తెలుసు కదా, ఇంక టెన్షన్ ఎక్కడిది అన్నారు. అప్పుడు ఫోర్సైత్ ఒక చిన్న సారాంశం తయారుచేశాడు. చంపుతాడా లేదా అన్నది కాదు, ఎంత దగ్గరికి రాగలిగాడు, ఎలా పట్టుకున్నారు అన్నదే కథ అని అందులో స్పష్టంగా పెట్టాడు. హచిన్‌సన్ సంస్థ ఒప్పుకుంది, 1971లో వేసింది, మరుసటి ఏడాది క్రైమ్ రచనలకిచ్చే ఎడ్గర్ అవార్డు వచ్చింది. కాబట్టి నవల ఎంత బాగున్నా రెండు పేజీల సారాంశం విడిగా రాయండి, అందులో ముగింపు దాచకండి. ప్రచురణకర్త పాఠకుడు కాదు, ఆయనకి సస్పెన్స్ అక్కర్లేదు.

తెలుగులో పరిస్థితి వేరే చెప్పాలి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో అద్దెపుస్తకాల షాపుల్లో చేతులు మారి చిరిగిపోయేదాకా తిరిగిన రోజులున్నాయి. ఆ షాపులూ లేవు, సీరియల్ వేసే వీక్లీలూ దాదాపు లేవు. ఇప్పుడు చాలామంది సొంత ఖర్చుతో కొద్ది కాపీలు వేసుకుంటున్నారు. అయితే పుస్తకం కంటే ముందు ఆడియో కంపెనీవాళ్లో, వెబ్ సిరీస్ తీసేవాళ్లో ఫోన్ చేయొచ్చు. ఆ ఫోన్ వచ్చినప్పుడు గుర్తు పెట్టుకోండి, జాకాల్ సినిమా హక్కులు ఫోర్సైత్ 20 వేల పౌండ్లకి అమ్మేశాడు, ఆ తర్వాత దాని మీద ఎవరెంత సంపాదించినా చూస్తూ ఉండాల్సి వచ్చింది. కాంట్రాక్టులో "సమస్త హక్కులు" అన్న మాట కనిపిస్తే కొట్టించండి. సినిమా, సిరీస్, ఆడియో, అనువాదం ఒక్కోటి విడివిడిగా, ఇన్నేళ్లకి అని గడువు పెట్టి రాయించుకోండి. మీ ఆఫీసు అపాయింట్‌మెంట్ ఆర్డర్ కూడా ఒకసారి తీసి చదవండి, ఉద్యోగంలో ఉండగా రాసినదంతా సంస్థదే అనే వాక్యం కొన్నింట్లో ఉంటుంది. ఉంటే నవల బయటపెట్టకముందే హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా మినహాయింపు తీసుకోండి, నోటిమాట పనికిరాదు.